కొలిమి నుండి తీసిన తరువాత

ధ్యాన భాగములు: యెషయా 54:16; యోహాను 21:9–17; 1 కొరింథీయులకు 12:12–27



యెషయా గ్రంథములో పైన చూపిన వచనమును విప్పి చదువుడి. అక్కడ దేవుడు కమ్మరివానిని గూర్చి మాటలాడుచున్నాడు. నిప్పులు ఊదుచు కొలిమి యెదుట కూర్చుండు ఆ మనుష్యుడు కూడ తన చేతిపనియేనని ఆయన చెప్పుకొనుచున్నాడు. రాజును గూర్చియో యాజకుని గూర్చియో అట్లు చెప్పినచో మనకు వింత తోచదు. మసిబట్టిన చేతులు గల కమ్మరిని గూర్చి చెప్పుట మన పల్లెలవారికి ఎంతో ఆదరణ.

బోధకులమైన మేము ఈ వచనమును చేతబట్టినప్పుడు అగ్నిని గూర్చియే మాటలాడుట వాడుక. శ్రమల కొలిమి యందుము, ఉజ్జీవపు అగ్ని యందుము, ఎండకాలపు కూటములలో మైకు పగులునట్లు చెప్పుదుము. అగ్ని అవసరమే. అయితే ఏ కమ్మరివానినైనను అడిగి చూడుడి. అగ్నిలో నున్నంతసేపు ఉక్కు మెత్తనిదే. అది కఠినమగునో, వంగునో, పటుక్కున విరుగునో, పదేండ్లు నిలుచునో బయటికి తీసిన తరువాత తేలును. ఎంత వేడికి తీసిరి, ఎంత త్వరగా చల్లార్చిరి, చల్లార్చిన పిమ్మట మరల ఏమి చేసిరి అను దానిలో పనిముట్టు బ్రదుకంతయు నున్నది. ఈ నెల మన సంఘములు ఆలోచింపవలసిన ఒక సంగతి దీనికి సంబంధించినదే గనుక, కొంచెము ఓపికతో ఇనుమును గూర్చి వినుడి. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఇనుము మన ప్రాంతమునకు పరదేశి కాదు. బయ్యారపు కొండలలో రాయి యున్నది. ఇల్లెందులో 1889లో బొగ్గు త్రవ్వుట ఆరంభమైనది. పాల్వంచలో 1980లో పని మొదలుపెట్టిన స్పాంజ్ ఐరన్ కర్మాగారమును మీలో అనేకులు ఎరుగుదురు. అది 2010లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది. అయినను అడవి అంచున నున్న మన కమ్మరి మంచి గొడ్డలి చేయదలచినప్పుడు పాత లారీ కమాను పట్టీనే వెదకుకొనును. ఆ పట్టీ సంగతి వానికి తెలియును. అందులో నూరు పాళ్ళకు అర పాలు పైచిలుకు కర్బనము, అనగా బొగ్గు సారము, కలిసియున్నది. ఉక్కు అనగా అదియే: ఇనుములో కలిసిన కొద్దిపాటి కర్బనము. అది నూటికి రెండు పాళ్ళు మించినచో పోతయినుమగును, సమ్మెట దెబ్బ సహింపదు.

ఆ కొద్ది కర్బనము ఎక్కడ కూర్చున్నది అను దానిని బట్టి ఉక్కు స్వభావము మారును. మన యింటి వాడుకలో చెప్పెదను. వేడి 727 డిగ్రీలు దాటి ఉక్కు బాగుగా ఎర్రబడినప్పుడు, ఇనుప అణువులు తమ వరుసలు మార్చుకొని విశాలమైన గదులు గల యిల్లువలె అగును. కర్బనము చుట్టమువలె ఆ గదులలోనికి వచ్చి సుఖముగా కూర్చుండును. వేడి తగ్గి 727 క్రిందికి దిగినప్పుడు ఇల్లు మరల ఇరుకగును. వచ్చిన చుట్టములకు చోటు చాలదు, వారు బయలుదేరవలెను. బయలుదేరుటకు సమయము కావలెను గదా!

సమయమిచ్చినచో, అనగా గాలిలో నుంచియో బూడిదలో కప్పియో మెల్లగా చల్లార్చినచో, కర్బనము బయటికి వచ్చి కొంత ఇనుముతో కూడి పలుచని గట్టి పొరలు కట్టును. ఒక పొర మెత్తని ఇనుము, ఒక పొర గట్టి పదార్థము, మరల మెత్తనిది, ఇట్లు పుస్తకపు పుటలవలె నుండును. ఇంగ్లండు దేశములో షెఫీల్డు నగరవాసియైన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1860వ దశకములో ఉక్కును నునుపుచేసి, ఆమ్లముతో కడిగి, సూక్ష్మదర్శినిలో పెట్టి దీనిని చూచెను. ముత్యపు చిప్పవలె మెరయుటచేత దానికి పెర్లైట్ అను పేరు వచ్చినది. అది వంగును గాని విరుగదు, దెబ్బకు ఓర్చుకొనును. డోర్నకల్ నుండి మన వైపు వచ్చు రైలు పట్టాలు ఈ జాతివే. (ఆ రైలు కొత్తగూడెములోనే ఆగిపోయి తన స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు పెట్టుకొన్నది. భద్రాచలము అక్కడికి ఇంకను సుమారు 40 కిలోమీటర్లు. బస్సు కొరకు నిలిచినవారికి ఆ సంగతి బాగుగా తెలియును.)

సమయమియ్యక ఒక్కసారి చల్లని నీటిలో ముంచినచో తలుపులు దభాలున మూతపడును. చుట్టములు లోపలనే చిక్కుకొందురు. ఇరుకు గదిలో చిక్కిన కర్బనము గోడలను నెట్టును. అణువుల వరుసలన్నియు బిగిసి సాగిపోవును. ఈ స్థితికి జర్మనీ దేశస్థుడైన అడాల్ఫ్ మార్టెన్స్ పేరున మార్టెన్సైట్ అని పేరు పెట్టిరి. అది ఆకురాయి జారిపోవునంత కఠినము, గాజువలె పెళుసు. అమెరికాలో డేవెన్‌పోర్ట్, బెయిన్ అను ఇద్దరు 1930లో ఈ చల్లారుటయొక్క కాలమును కొలిచి ప్రకటించిరి. కర్బనము నూటికి ముప్పాతిక పాలు పైచిలుకుగల సాదా ఉక్కు 540 డిగ్రీల చుట్టుప్రక్కల వేడిని ఇంచుమించు ఒక్క సెకనులో దాటిపోవలెను. ఆలస్యమైనచో పొరలు కట్టనారంభించును. అందుచేతనే నీటి తొట్టి కొలిమికి రెండడుగుల దూరములో నుండును. కమ్మరి ఉక్కును నీటిలో ముంచి ఊరకుండడు, ఇటునటు కదలించుచుండును. కదలించనిచో ఉక్కు చుట్టు ఆవిరి దుప్పటివలె కప్పుకొని చల్లదనమును లోపలికి రానియ్యదు.

వేడి ఎక్కువైన కొలది మంచిదనుకొనుట కూడ సరికాదు. రవ్వలు రాలునట్లు తెల్లగా కాల్చిన ఉక్కు లోపలి రేణువులు పెరిగిపోవును. విరిచి చూచినచో ఉప్పుకల్లువలె మెరయును. అది ఎంత నీరు పట్టించినను నిలువదు. కన్వెన్షను ప్రసంగీకులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని నా మనవి.

ఈ జ్ఞానము సోర్బీ పుట్టకమునుపే మన తెలుగు కమ్మరుల చేతులలో నుండెను. గోదావరికి ఎగువన, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము అను ఊరు కలదు. అక్కడివారు మట్టి మూసలలో ఇనుమును కరగించి ఉక్కు చేసెడివారు. ఆ ఉక్కును పారసీక దేశపు వర్తకులు కొనుకొని పోయి కత్తులు చేయించుకొనెడివారు. పాశ్చాత్యులు దీనిని వూట్జ్ అని పిలిచిరి. మన ‘ఉక్కు’ అను మాటయే వారి నోట అట్లు మారినదని పండితులు తలంచుచున్నారు. హెన్రీ వాయిసీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దపు ఆరంభములో ఆ ఊరికి పోయి కన్నులార చూచి వ్రాసిన సంగతులు, ఆయన మరణించిన తరువాత 1832లో కలకత్తాలో అచ్చయినవి. అక్కడ ఇస్పహాను నుండి వచ్చిన ఒక వర్తకుని కూడ ఆయన కలిసికొనెను. అంత దూరమునుండి వచ్చిన మనుష్యుడు మన తెలుగు పల్లెలో కొలిమి ప్రక్కను కాచుకొని యుండెననగా ఆ ఉక్కు విలువ ఎంతటిదో ఊహించుడి.

వాయిసీ వ్రాసిన దానిలో నన్ను ఆపివేసిన మాట ఒకటి కలదు. ఇరువది నాలుగు గంటలు మంట నిలిపి, మూసలను తీసి చల్లారనిచ్చిన పిమ్మట లోపల ఉక్కు బిళ్ళ దొరకును. అది మిక్కిలి కఠినము, సుత్తెకు లొంగదు. మనమైతే అది చెడిపోయినదని పారవేయుదుము. వారు పారవేయలేదు. బిళ్ళకు మట్టి పూసి, మరల కొలిమిలో పండ్రెండు మొదలు పదునారు గంటలవరకు మెల్లని వేడిలో నుంచి, తీసి చల్లార్చెడివారు. ఇంకను లొంగనిచో రెండవసారి. మూడవసారి. ఒక్కొక్కప్పుడు నాలుగవసారి కూడ. ఐరోపా కమ్మరులు కొందరు అదే ఉక్కును తెప్పించుకొని, తమ వాడుక ప్రకారము తెల్లగా కాల్చి సమ్మెటతో కొట్టిరి. అది పొడిపొడిగా రాలిపోయెను. వారు ఉక్కును తప్పుపట్టిరి. ఉక్కులో తప్పు లేదు; అంతటి కర్బనముగల ఉక్కు తక్కువ వేడిలో, ఓపికతో, కొద్దికొద్దిగా కొట్టబడవలెను. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి, పాత కొలుముల చిట్టెమును మూస పెంకులను వెదకి లెక్క వ్రాసిరి. మన చేలగట్లలో కాళ్ళకు తగులు ఆ నల్ల చిట్టెము ఒకరి తాతల ఓపిక యని మనకు తెలియదు.

ఇప్పుడు గొడ్డలి యొద్దకు వచ్చెదము. గొడ్డలికి నీరు పట్టించుట మీరందరు చూచినదే. అయినను మరియొకసారి నిదానించి చూడుడి. కమ్మరి గొడ్డలినంతటిని ముంచడు. ఎర్రగా కాలిన గొడ్డలి వాదరను మాత్రము రెండంగుళముల మేర ముంచును. మెడయు వీపును ఎర్రగానే యుండనిచ్చును. వెంటనే పైకి తీసి, రాతిముక్కతో వాదరను గీసి మెరుగు తేల్చి, కన్నార్పక చూచుచుండును. వీపులో దాగిన వేడి మెల్లమెల్లగా వాదరవైపు నడచి వచ్చును. మొదట ఎండుగడ్డి రంగు కనబడును. అది సుమారు 220, 230 డిగ్రీలు. తరువాత గోధుమ వర్ణము. సుమారు 280 డిగ్రీలకు ఊదా రంగు, 300 దగ్గర నీలము. ఉక్కుపై ఏర్పడు పలుచని పొర మందమును బట్టి ఈ రంగులు వచ్చును. మంగలి కత్తికి ఎండుగడ్డి రంగు చాలును. మ్రాను నరకు గొడ్డలికి ఊదా, నీలము దాక రానియ్యవలెను. రంగు కుదిరిన క్షణమున మరల నీటిలో పెట్టి ఆపివేయును. ఆ మెల్లని వేడిలో చిక్కుకొన్న కర్బనము కొంచెము కదలి సర్దుకొనును. కాఠిన్యము కొంత తగ్గును. పెళుసుతనము చాల తగ్గును.

మా యూరి కమ్మరి తాతను నేను ఈ సంగతి అడిగినప్పుడు ఆయన తన భాషలో ఇట్లు చెప్పెను: “నీళ్ళల్ల ముంచినంక అది గొడ్డలి కాదు అయ్యగారూ, గాజు. చేవ మీద ఒక్కటేస్తే పెచ్చు లేస్తది. ఈపులున్న ఏడి అంచుకొచ్చినంకనే గొడ్డలి.” మరి మొత్తము ముంచివేసినచో ఏమగును తాతా, అని అడిగితిని. “ఏముంది, అంచుకిచ్చే ఏడి ఎవరి దగ్గరా ఉండదు. మళ్ళీ నిప్పుల దగ్గరికే పోవాలె” అని నవ్వెను.

ప్రియులారా, ఆ మాట విన్న దినమునుండి నేను 1 కొరింథీయుల పత్రిక 12వ అధ్యాయమును వేరుగా చదువుచున్నాను. సంఘము ఒక శరీరమని పౌలు వ్రాసెను. ఒక అవయవము బాధపడినచో మిగిలినవన్నియు దానితో కూడ బాధపడునని చెప్పెను. శరీరము ఎందుకు? అంచుకు వేడి నిచ్చుటకు.

ఇక మన సంగతి. అడవి వైపునున్న మన సంఘములలో ఒకదానిలో ఇరువది యేండ్ల చిన్నవాడు కలడు. పేరును ఊరును వ్రాయను. ఎరిగినవారు ఎరుగుదురు, ఎరుగనివారు అడుగవద్దు. ఎండకాలపు కూటములలో దేవుడు అతని పట్టుకొనెను. అందులో నాకు సందేహము లేదు. వారము తిరుగకముందే సారా మానెను, పేకాట మానెను, బాప్తిస్మము పొందెను. ఆ తరువాత కొత్తల పండుగ వచ్చెను. అతని తల్లి ఇంకను తన పెద్దల ఆచారములోనే యున్నది. ఆమె కొత్త పంటను వాడుక ప్రకారము వేల్పుకు పెట్టి, వండి, కుమారునికి విస్తరిలో వడ్డించెను. అతడు ఆ విస్తరిని కాలితో నెట్టెను. ఇరుగుపొరుగువారందరు చూచిరి. తల్లి ఒక్క మాట అనలేదు. ఆ దినము ఆమెయు తినలేదు. మరుసటి ఆదివారము అతడు ఆరాధనలో లేచి, చుట్ట త్రాగు పెద్దను వ్రేలు చూపి వేషధారి యని పిలిచెను. పెద్దలు అతనిని అందరి యెదుట నిలువబెట్టి గద్దించిరి. అతడు వెళ్ళిపోయెను. మూడు నెలలైనది. ఇప్పుడు మిరపకాయ కోతలకు పోవుచున్నాడు. ప్రార్థనకు రాడు. తల్లి యింటికిని పోడు. అతని పేరును సంఘపు రిజిష్టరు నుండి కొట్టివేయవలెనని కొందరు పెద్దలు కోరుచున్నారు.

మీరు ఇప్పటికే గ్రహించియుందురు. అతనిని కాల్చిన అగ్ని నిజమైనది. అతడు ఒక్క వారములో చల్లారెను గనుక అంత కఠినుడాయెను. ఆ కాఠిన్యమును నేను తప్పుపట్టను. వాదరకు కాఠిన్యము లేనిచో అది దేనిని నరకును? సారాను ఒక్క దెబ్బతో నరికినది ఆ కాఠిన్యమే. అయితే అదే అంచు తల్లి విస్తరికి తగిలినప్పుడు పెచ్చు లేచినది. ఆ యాహారమును గూర్చి కొరింథువారు అడిగినప్పుడు పౌలు జ్ఞానమునకు ముందు ప్రేమను నిలిపెను. అట్టి ఆహారము వట్టి ఆహారమే యని తెలిసినవాడు కూడ ఒక బలహీనుని మనస్సును తొక్కరాదని ఆయన భావము. ఇరువది యేండ్లవానికి ఈ అధ్యాయము చెప్పువారెవరు? కూటముల ప్రసంగీకుడు మరుసటి దినమే బస్సెక్కి వెళ్ళిపోయెను.

మరియొక వైపు, మూడు తరములనుండి క్రైస్తవులైనవారము మనలో అనేకులము. మనలను బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చిరి. మనము ఎటు వంచిన అటు వంగుదుము. అది మంచి గుణమే. రైలు బరువును మోయునది అట్టి ఉక్కే. అయితే ఒక చిన్నవాడు వచ్చి కంప నరకుట మొదలుపెట్టినప్పుడు, మనము నరకలేని కంపను వాడు నరకుచున్నాడని మనకు కోపము రాకూడదు. చుట్ట విషయమై ఆ చిన్నవాని మాటలో మర్యాద లేదు, నిజమున్నది. ఈ వాక్యము ఆ పెద్దకు ముందుగా చదివి వినిపించి, ఆయన సెలవు పొందియే అచ్చునకు పంపుచున్నాను.

పేతురును జ్ఞాపకము చేసికొనుడి. తోటలో కత్తి దూసి ఒకని చెవి నరికినవాడు, అదే రాత్రి ఒక దాసి మాటకు విరిగిపోయెను. ఆ రాత్రి ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల నిప్పు వేసికొని చలి కాచుకొనుచుండిరి; పేతురు ఆ నిప్పు యొద్దనే నిలిచి ప్రభువు నెరుగనని పలికెను. యోహాను సువార్తలో బొగ్గుల నిప్పు మరియొక్కసారి కనబడును. 21వ అధ్యాయములో, తెల్లవారుజామున, సముద్రపు ఒడ్డున. ఈసారి ఆ నిప్పు వేసినవాడు ప్రభువే. దానిమీద చేపలు, ప్రక్కను రొట్టె. తడిసిన బట్టలతో వచ్చిన పేతురుతో ఆయన మొదట ఆ రాత్రి సంగతి ఎత్తలేదు. భోజనము పెట్టెను. తిన్న తరువాతనే ప్రశ్న అడిగెను, అదియు ప్రేమను గూర్చి, మూడుసార్లు. కోనసముద్రపువారు బిళ్ళను మరల మరల మెల్లని వేడిలో పెట్టినట్లు, ఒకసారి సరిపోదని ఆయనకు తెలియును. శిష్యులయొక్క రిజిష్టరు ఆయన యొద్ద నుండినచో ఆ ఉదయము పేతురు పేరు అందులో నుండెనా, కొట్టివేయబడెనా?

సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు కూడ శిష్యులు భయపడి దగ్గరకు రానియ్యలేదని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుచున్నాము. బర్నబా ఒక్కడే చేయి పట్టుకొని తీసికొని వచ్చెను. ఒక్కని వేడి చాలెను.

మెల్లని వేడి అనగా తప్పును కప్పిపుచ్చుట కాదు. 200 డిగ్రీలు చల్లదనము కాదు. చేయి పెట్టినచో కాలును. తల్లి విస్తరిని నెట్టుట తప్పని అతనికి చెప్పవలసినదే. పదిమంది యెదుట నిలువబెట్టి చెప్పిన మాట నీటి తొట్టి వంటిది, ప్రక్కను కూర్చుండి అన్నము తినుచు చెప్పిన మాట వీపులోని వేడి వంటిది. ఒకే మాట, చల్లారు విధము వేరు. ఆ రంగు ఎప్పుడు కుదురునో ప్రక్కను కూర్చున్నవానికే కనబడును. దూరమునుండి చీటీ వ్రాసి పంపువానికి కనబడదు.

సంఘ కమిటీ వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత కూడును. రిజిష్టరు సంగతి అప్పుడు చూచెదము. అంతకుముందు గురువారము సాయంకాలము మేము నలుగురము ఆ యూరికి నడచి పోవుచున్నాము. వేషధారి యని పిలిపించుకొన్న ఆ పెద్దయే తాను ముందు నడచెదనని చెప్పెను. చీకటి పడువేళకు కోతలవారు తిరిగి వత్తురట. మొదట తల్లి యింటికి పోవుదుము. మేము వచ్చుచున్నామని కబురు పంపగా, అయ్యగారు మా యింట తిందురా అని ఆమె అడిగి పంపెను. తిందుమని చెప్పి పంపితిమి.